జాలి కంటే ముందు

14 ఏప్రిల్ 2024, ఆదివారం
మార్కాపురం

పలకల గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో ఉంది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు పలక అంటే అక్షరాలు దిద్దే వస్తువు కావడానికి ముందే కూడు పెట్టిన రాయి. గనిలోంచి బండ రావాలి. ఉలి పెట్టి పొరలుగా చీల్చాలి, కోయాలి, నునుపు చెయ్యాలి, చుట్టూ చెక్క చట్రం బిగించాలి. ఎక్కడెక్కడి పిల్లలో మా ఊరి రాయి మీద ఓనమాలు దిద్దుకున్నారు. ఇప్పుడు బడి పలక తగ్గిపోయింది. అదే రాయి రంగురంగుల బిళ్ళలై గోడలకూ ఇంటికప్పులకూ విదేశాలకు పోతోంది.

మధ్యాహ్నం ఎండకు బయటికి కదల్లేక జాన్ లాక్ తీశాను. 1690 నాటి పుస్తకం. పుట్టినప్పుడు మనిషి మనసు ఏ రాతా లేని తెల్లకాగితం, దాని మీద రాసేదంతా అనుభవమే అంటాడు. అతనికి రెండు వేల ఏళ్ళ ముందే అరిస్టాటిల్ బుద్ధిని ఏమీ రాయని పలకతో పోల్చాడు. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ నేను ఆ మాటనే పట్టుకుని నిలబడ్డాను. ఎవరి బిడ్డ అయితేనేం, తరగతి గదిలోకి వచ్చాక అందరికీ ఒకే పాఠం, ఒకే బలపం. ఆ నమ్మకం లేకపోతే టీచరు ఉద్యోగం చెయ్యలేం.

మన దగ్గర దీనికి ఎదురుగా నిలబడ్డ మాట నుదుటి రాత. అన్నీ ముందే రాసి పెట్టి ఉన్నాయి, చెరపడం మన చేతిలో లేదు అనడం. పొద్దున అంబేద్కర్ జయంతి ఊరేగింపు మా వీధి మీదుగానే వెళ్ళింది. పోయిన జన్మ పాపం వల్లే ఈ జన్మలో ఈ కులం, ఈ బీదరికం అనే వివరణను ఆయన జీవితమంతా కాదన్నాడు. బుద్ధుణ్ణి, కబీరును, ఫూలేను గురువులుగా చెప్పుకున్న మనిషి. నుదుటి రాతకూ తెల్లకాగితానికీ మధ్య ఒకటే ఎంచుకోమంటే నేను ఆలోచించకుండా లాక్ పక్షానే ఉంటాను.

అయినా పూర్తిగా ఒప్పలేను. పలకల పనివాడు రాయిని చూసి, తట్టి, పొర ఎటు పోతోందో కనిపెట్టాకే ఉలి ఆనిస్తాడు. పొరకు అడ్డంగా కొడితే బండ ముక్కలవుతుంది. బిడ్డలూ అంతే, పొరతోనే వస్తారు. ఒకడు చీమను చూసి కాలు పక్కకు పెడతాడు, ఇంకొకడు కావాలని తొక్కుతాడు. ఎవరూ నేర్పని ఈడులోనే. రాసేది అనుభవమే కావచ్చు, రాయించుకునేది మాత్రం ఉత్త ఖాళీ కాదు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే రాసిపెట్టుకోవాలి. ఒకప్పుడు ఈ ఊళ్ళో పలకల పనిలో బడి ఈడు పిల్లలు ఎందరో ఉండేవారు. వాళ్ళు నునుపు చేసిన పలకల మీద వేరే ఊళ్ళ పిల్లలు అ, ఆ దిద్దారు. చేసిన బిడ్డలకు దుమ్ము, కూలి. ఆ ఇళ్ళ తల్లిదండ్రుల్లో గానీ పని పెట్టినవాళ్ళలో గానీ క్రూరులని చెప్పదగ్గవాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు. పిల్లవాడి వేలు తెగితే అందరూ అయ్యో అన్నారు, పసుపు అద్దారు. మర్నాడు మళ్ళీ అదే పని. మనిషి మంచివాడా చెడ్డవాడా అనే ప్రశ్న నాకు అక్కడే అడ్డం తిరుగుతుంది.

17 ఏప్రిల్, బుధవారం, శ్రీరామనవమి

బస్టాండు వైపు చలివేంద్రం పందిరి వేశారు. కుండల కింద ఇసుక, మీద తడి గోనెపట్టా. ఇవాళ నవమి కాబట్టి పానకం, వడపప్పు. దోర్నాల బస్సు దిగిన ముసలాయన ఒకడు మూడు గ్లాసులు తాగి, నాలుగోది తల మీద పోసుకున్నాడు. పోసేవాడు ఏమీ అనలేదు, ఇంకో గ్లాసు ముంచి ఇచ్చాడు.

ఇంటికొచ్చి నాగార్జునుడి రత్నావళి తీశాను. ఎర్రగొండపాలెం, మాచర్ల దారిలో పోతే నాగార్జునకొండ మాకు పొరుగే. నల్లమలకు ఆ చివర ఆయన శ్రీపర్వతం, ఈ చివర మేము. లోకంలో ఏదీ తనంతట తాను నిలబడి లేదు, ప్రతిదీ ఇంకొకదాన్ని ఆనుకునే ఉంటుందని, అదే శూన్యమని వాదించి, ఆసియా ఖండాన్నంతా దాదాపు రెండు వేల ఏళ్ళుగా ఆలోచనలో పెట్టిన మనిషి. అంతటి తార్కికుడు శాతవాహన రాజుకు హితవు చెబుతూ సుహృల్లేఖ, రత్నావళి రాశాడని పరంపర. సుహృల్లేఖకు సంస్కృత మూలం పోయింది, టిబెటన్, చైనా అనువాదాల్లో బతికింది. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఈ దేశంలో చదువు మొదలెట్టిన కొత్తలోనే దాన్ని కంఠస్థం చేస్తారని రాసుకున్నాడు. మన ప్రాంతంతో ముడిపడ్డ ఇంత పెద్ద పేరును మన బడి పిల్లలకు ఒక ఆనకట్ట పేరుగానే పరిచయం చేశాం. ఇది నన్ను బాధపెట్టే విషయం.

రత్నావళిలో ఒక చోట నేను ఎప్పుడూ ఆగిపోతాను. దారి పక్క నీటిశాలల్లో ఏమేం ఉంచాలో రాజుకు చెబుతాడు. చెప్పులు ఉంచు, గొడుగులు ఉంచు, నీళ్ళు వడపోసుకునే సాధనం ఉంచు, ముల్లు తీసుకునే పట్టకారు ఉంచు, సూది, దారం, విసనకర్ర ఉంచు అంటాడు. త్రిఫలాలు, శొంఠి పిప్పలి మిరియాలు, తేనె, నెయ్యి, కంటి మందు కూడా. నీళ్ళు దొరకని దారుల్లో తాగునీళ్ళు ఏర్పాటు చెయ్యమంటాడు. చీమల పుట్టల దగ్గర సైతం తిండీ నీళ్ళూ పెట్టించమంటాడు.

శూన్యం గురించి రాసిన చెయ్యే పట్టకారు గురించీ రాసింది. నాకు ఇందులో పొంతన కుదరనిది ఏమీ కనపడదు. ప్రతిదీ ఇంకొకదాన్ని ఆనుకుని ఉందని నిజంగా నమ్మినవాడికి, ఎవరో తెలియని బాటసారి కాలిలో రేపు దిగబోయే ముల్లు కూడా తన లెక్కలోకి వస్తుంది. ముల్లు దిగాక అయ్యో అనడానికి తత్త్వం అక్కర్లేదు. దిగకముందే పట్టకారు తెచ్చి అక్కడ పెట్టడానికి కావాలి.

ఈ ఆలోచన ఆయనతోనే మొదలు కాలేదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే. ఆ పాత జిల్లాలో పత్తికొండ వైపు ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల వెంట బావులు, చెట్లు అని చెక్కించాడు. ఏ వేదాంతమూ లేదు అక్కడ. చేయించిన పనుల జాబితా.

28 ఏప్రిల్, ఆదివారం

ఎండ. కరెంటు పోయి వచ్చి పోతోంది.

రోమన్ తత్త్వవేత్త సెనెకా రాత్రి దీపం తీసేశాక, భార్య మాటలు ఆపాక, ఆనాటి తన పనులన్నీ వరసగా తలుచుకుని విచారణ చేసుకునేవాడట. ఏ చెడ్డ గుణాన్ని ఇవాళ అదుపులో పెట్టావు, ఎక్కడ మెరుగయ్యావు అని తనను తానే ప్రశ్నించుకోవడం. తనకు ముందరి ఒక గురువు నుంచి ఆ అలవాటు తీసుకున్నానని కోపం మీద రాసిన పుస్తకంలో చెప్పుకున్నాడు. ఆయన శిష్యుడు చక్రవర్తి నీరో. క్రీ.శ. 65లో ఆ శిష్యుడి ఆజ్ఞ మీదే ప్రాణం తీసుకోవలసి వచ్చింది. చాలామంది ఇది చూపించి, తత్త్వం ఎందుకూ పనికిరాదు, దగ్గర కూర్చోబెట్టుకున్న శిష్యుణ్ణే మార్చలేకపోయాడు అంటారు. నేను ఒప్పుకోను. ఒకరి చదువు ఇంకొకరికి మందు కాదు, ఎవరి రాత్రి విచారణ వాళ్ళదే. చక్రవర్తి మార్కస్ అరీలియస్ కూడా యుద్ధపు గుడారాల్లో రాసుకున్నది తన కోసమే. ఈ నోటుపుస్తకం నాకు అందుకే.

5 మే, ఆదివారం
గిద్దలూరు వైపు, తమ్ముడి ఊరు

నిన్న సాయంత్రం వచ్చాను. పొద్దున్నే ఎండ ముదరకముందు తమ్ముడితో చేను దాకా నడిచాను. పొగాకు, మిరప, కంది పండించిన నేలలు ఇప్పుడు బీళ్ళుగా ఉన్నాయి. గట్టు దాటగానే పక్క చేలో ఒక గోనెసంచి, దాని మీద రేగుకంప, ఒక రాయి.

"అదేంది?" అన్నాను.

"బోరక్కా. పోయినేడు వేసింది. ఆరువందల అడుగులు బోయినా తడి లేదు. దుమ్మే వచ్చింది."

గోనె జరిపితే నల్లటి కంత. చుట్టూ కేసింగ్ పైపు కూడా లేదు. జానెడుకు కాస్త తక్కువ వెడల్పు. రాయి వేస్తే శబ్దం వినబడటానికి చాలాసేపు పట్టింది. ఆ గట్టు మీదుగానే పిల్లలు రేగుపళ్ళకు పోతారు.

ఆ చేను ఆసామి అక్కడికే వచ్చాడు. నాకు తెలిసినవాడే, తమ్ముడి ఈడువాడు.

"కేసింగ్ ఏమైంది నాయనా?"

"పీకినాం టీచరమ్మా. కొత్త బోరుకు వేసుకున్యాం. మళ్ళా కొనాలంటే యాడ తెచ్చేది? అది గూడా ఎండింది. ఇప్పటికే రెండు బోర్లకు అప్పు చేసినా."

"పిల్లలు తిరిగే చోటు గదా?"

అతను గోనెసంచి వైపు చూశాడు. "కంప ఏసినా గదమ్మా. మూయాలనే అనుకుంటాండా. ఈ పన్లల్లో పడి..." మాట పూర్తి చెయ్యలేదు.

అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే మూద్దామనుకుంటున్నాడు.

మెన్షియస్ గుర్తొచ్చాడు. క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దపు చైనా తత్త్వవేత్త. మనిషి స్వభావం మంచిదని రుజువు చెయ్యడానికి ఆయన ఎంచుకున్న దృశ్యం ఇదే. పసిబిడ్డ బావిలో పడబోతుంటే హఠాత్తుగా చూసిన మనిషి ఎవరైనా సరే ఉలిక్కిపడతాడు, గుండె కదులుతుంది. ఆ తల్లిదండ్రుల మెప్పు కోసం కాదు, ఊళ్ళో పేరు కోసం కాదు, లాభం లెక్క వేసుకుని కాదు. ఆ కదలికే మంచితనానికి మొలక, దాన్ని పెంచుకోవాలి అంటాడు.

ఆ రుజువు మా చుట్టుపక్కలే జరిగింది. 2017 ఆగస్టులో వినుకొండ మండలం ఉమ్మడివరంలో రెండేళ్ళ పిల్లవాడు ఎండిన బోరులో పడ్డాడు. ఊరంతా, పక్క ఊళ్ళూ అక్కడే. జేసీబీలు వచ్చాయి, విపత్తు సహాయ దళం వచ్చింది. అర్ధరాత్రి దాటాక ప్రాణంతో బయటికి తీశారు. టీవీ ముందు కూర్చుని ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. అదే ఏడు జూన్‌లో చేవెళ్ళ దగ్గర ఇక్కారెడ్డిగూడలో పడ్డ పసిపాప దక్కలేదు. అక్కడా అంతే జనం, అంతే ఆరాటం. మెన్షియస్ తప్పు చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని బిడ్డ కోసం రాత్రంతా మట్టి తవ్విన మనుషులం మనం.

అయితే ఆ బావి అలా తెరుచుకుని ఎందుకుంది? ఆ ప్రశ్న మెన్షియస్ అడగలేదు. ఆయన దృశ్యంలో బిడ్డ ఉన్నాడు, చూసే మనిషి ఉన్నాడు. బావికి గట్టు కట్టని మనిషి లేడు. అతనూ మనిషే, అతనికీ గుండె కదులుతుంది. రాత్రంతా తవ్వేవాళ్ళలో మొదటి వరసలో అతనే ఉంటాడు.

6 మే, సోమవారం

నిన్నటి మాట ఇంకా వదల్లేదు.

మెన్షియస్ తర్వాత వచ్చిన షున్‌జీ పూర్తిగా ఎదురుమాట చెప్పాడు. మనిషి స్వభావం చెడ్డది, మంచితనం అంతా కష్టపడి అలవరచుకున్నదే. వంకర కర్రను ఆవిరి పట్టి సరిచేసినట్టు ఆచారంతో, చదువుతో, నియమంతో సరిచెయ్యాలంటాడు. ఆ చేను ఆసామిని చూస్తే షున్‌జీ మొదటి సగం నాకు మింగుడు పడదు. అతను చెడ్డవాడు కాడు. రెండో సగం మాత్రం నిజం. జాలి దానంతట అదే వస్తుంది. ముందుచూపు రాదు, దాన్ని నేర్చుకోవాలి, నేర్పాలి, అవసరమైతే చట్టం పెట్టి చేయించాలి.

చట్టం ఉంది. 2010లో సుప్రీంకోర్టు వాడకంలో లేని బోర్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బోరు వేసే ముందు అధికారులకు తెలపాలి, పని జరిగేటప్పుడు చుట్టూ కంచె, సూచన బోర్డు పెట్టాలి, పనికిరాని బోరును మట్టి, ఇసుక, రాళ్ళతో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలి. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం 2002 నుంచే ఉంది. ఇవన్నీ తెలిసిన రైతు ఆ ఊళ్ళో ఒక్కరు కనిపించలేదు నాకు. రిగ్గు వచ్చేది రాత్రిపూట, పోయేది తెల్లారేలోపు. నీళ్ళు పడితే కొబ్బరికాయ, పడకపోతే ఎవరి మొహం ఎవరూ చూడరు. ఆ పూట ఆ ఇంటివాళ్ళ దగ్గరికి పోయి బోరు పూడ్చమని చెప్పడానికి నోరు రాదు. ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు దింపి దుమ్ము చూసిన మనిషికి ఆ కంత ఒక అవమానం. దాని వైపు చూడకూడదని ఉంటుంది. కంప కప్పేది బిడ్డల కోసం కొంత, తన కంటికి కనపడకుండా కొంత. ఇది నా ఊహ కాదు, తమ్ముడి నోటి వెంట విన్న మాట. అతనూ ఆ బాధ పడ్డవాడే.

తమ్ముడు ఏడో తరగతితో బడి మానేశాడు. సాధన మీద వేమన చెప్పిన పద్యం మాత్రం తడుముకోకుండా చదువుతాడు. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించకముందు కూడా ఇలాంటి చేలల్లో ఇలాంటి నోళ్ళే వేమన్నను బతికించి ఉంటాయి. అరిస్టాటిల్ కూడా మంచి గుణం పుట్టుకతో రాదు, స్వభావానికి విరుద్ధమూ కాదు, చేసి చేసి అలవాటు చేసుకునేదే అన్నాడు. ఇల్లు కడుతూ కడుతూనే మేస్త్రీ అవుతాడు.

14 మే, మంగళవారం

నిన్న పోలింగు. ఓటు కోసం మేనల్లుడు, అంటే తమ్ముడి కొడుకు, బెంగళూరు నుంచి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో మార్కాపురంలో దిగి రాత్రి ఇక్కడే ఉన్నాడు. వాడి సంచిలో జిడ్డు కృష్ణమూర్తి పుస్తకం. సంతోషం వేసింది. మదనపల్లెలో 1895లో పుట్టిన మనిషి, తన కోసం కట్టిన సంస్థను 1929లో తన నోటితోనే రద్దు చేసి, సత్యానికి దారీ లేదు, గురువూ లేడు అన్నవాడు. ఆ సాహసానికి ఎప్పుడూ దండం పెడతాను.

వాడితో వాదన పడ్డాను. "అత్తా, నువ్వు అభ్యాసం అభ్యాసం అంటావు. అలవాటు మనిషిని మొద్దుబారుస్తుందంటాడు ఈయన. నిజంగా కళ్ళు తెరిచి చూస్తే చాలు, ఆ చూడటంలోనే పని జరిగిపోతుంది."

"ఆ కంతను మీ నాయన రోజూ చూస్తున్నాడురా."

"అది చూడటం కాదత్తా. పక్కనుంచి పోవడం."

బాగా అన్నాడు. చాలాసేపు నేనేం మాట్లాడలేదు. రోజూ చూసే దాన్ని చూడకపోవడం, అదే కృష్ణమూర్తి జీవితమంతా చెప్పిన జబ్బు. అయినా నేను నా మాట పూర్తిగా వదలను. ఒకసారి కళ్ళు తెరుచుకోవడం గొప్ప సంగతే. మర్నాడు మళ్ళీ మూసుకుంటాయి. ఆ మర్నాడు కోసమే చట్టం, జాబితా, నోటుపుస్తకం కావాలి. దినమంతా మెలకువగా ఉండగలిగినవాళ్ళ కోసం కృష్ణమూర్తి రాశాడు. నాలాంటి వాళ్ళకు, ఆ చేను ఆసామి లాంటి అప్పుల మనిషికి, పట్టకారు దొరికే నీటిశాల కావాలి.

పడుకునే ముందు వాడు ఫోనులో లెక్క వేశాడు. ఆరున్నర అంగుళాల బోరు, ఆరువందల అడుగుల లోతు. నిలువునా పూడ్చాలంటే దాదాపు నాలుగు ఘనపు మీటర్ల మట్టి, రాళ్ళు. "ట్రాక్టరు ట్రక్కు ఒకటిన్నర అత్తా, అంతే" అన్నాడు. నేను ఎంతో పెద్ద పని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

9 జూన్, ఆదివారం
పోరుమామిళ్ళ

తమ్ముడితో కలిసి గిద్దలూరు నుంచి కలసపాడు మీదుగా వచ్చాను. చెరువు శాసనం చూడాలని ఏళ్ళ నాటి కోరిక. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించినది. ఇది కడప జిల్లా అయినా మాకు పరాయి కాదు. మా కంభం చెరువూ ఈ చెరువూ ఒకే బుద్ధికి పుట్టినవి. కొండల మధ్య సందు చూసి అడ్డుకట్ట వేయడం. రెండింటికీ 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు కలిసి వచ్చింది.

ఈ శాసనాన్ని దానపత్రంగా మాత్రమే చదివేవాళ్ళు సగమే చదివినట్టు. చెరువు కట్టాలంటే ఏమేం ఉండాలో పన్నెండు అంగాలు చెబుతుంది. ధర్మబుద్ధి గల రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీపి నీళ్ళ నది, ఆనుకోవడానికి కొండ, మరీ పొడవు కాని గట్టి రాతి కట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గర్లో రాతి గని, కింద సారవంతమైన సమతల భూమి, పని తెలిసిన మనుషులు, ఇలా. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని కూడా రాసింది.

ఆ తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై భూమి తక్కువ కావడం. ఇవి ఐదూ నేలకూ నీటికీ సంబంధించినవి. మిగిలిన ఒక్కటి మనుషులకు సంబంధించినది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం దోషమట.

అక్కడ చాలాసేపు నిలబడ్డాను. 650 ఏళ్ళ కింద ఈ శాసనం రాసినవాడు మనిషి స్వభావాన్ని రాతికట్ట లెక్కల పక్కనే రాసిపెట్టుకున్నాడు. మనుషులు చెడ్డవాళ్ళని తిట్టలేదు, మంచివాళ్ళని నమ్మి ఊరుకోనూ లేదు. హద్దు మీద నీళ్ళు పెడితే కొట్లాట వస్తుంది కాబట్టి అక్కడ కట్టొద్దు. కృష్ణా నీళ్ళ మీద తగవులు చూస్తున్న మనకు ఆ దోషం ఎంత దూరం చూసి రాశాడో తెలుస్తుంది. మానవ స్వభావం మీద నేను చదివిన వాక్యాల్లో ఇది మొదటి నాలుగైదింటిలో ఉంటుంది.

10 జూన్, సోమవారం

తిరిగి వస్తూ దారిలో అన్నదానం జరిగే చోట ఆగి భోంచేశాం. కాశినాయన పేరు మీద నడిచేది. అవధూత కాశిరెడ్డి నాయన 1995లో పోయారు. నల్లమలలో పాడుబడ్డ గుళ్ళు వెతికి బాగుచేయించడం, గుడి దగ్గర పొయ్యి వెలిగించడం, వచ్చినవాడికి అన్నం పెట్టించడం, ఇదే ఆయన జీవితం. ఆయన రాసిన పుస్తకమంటూ నా చేతికి ఎప్పుడూ రాలేదు. కడప జిల్లాలో ఆయన పేరుతో ఒక మండలమే ఉంది.

వడ్డించే పెద్దమనిషిని అడిగాను, ఇవాళ ఎంతమంది వస్తారో ముందే ఎట్లా తెలుస్తుందని.

"తెల్దమ్మా. ఆకలైనాక వండితే ఆలస్యమైతాది గదా. పొద్దున్నే ఎసరు పెడతాం."

పప్పు, అన్నం, చారు, మజ్జిగ. తమ్ముడు ఆకు మడిచి లేస్తూ, "ఇంటికి పోయినాక ఆ బోరు సంగతి మాట్లాడతా" అన్నాడు. నేనేమీ అడగలేదు.

30 జూలై, మంగళవారం
మార్కాపురం

నిన్న శ్రీశైలం గేట్లు ఎత్తారు. టీవీలో తెల్లటి నురగ. ఆ జలాశయం నుంచి కొల్లంవాగు దగ్గర మొదలై నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైగా సాగే రెండు సొరంగాలు తవ్వారు మా కోసం. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టు ఇది. 1996లో శంకుస్థాపన. ఈ మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. నీళ్ళు మాత్రం ఇంకా రాలేదు. రిజర్వాయరు కింద మునిగే ఊళ్ళవాళ్ళకు పునరావాసం మిగిలి ఉంది, కాలువల పని మిగిలి ఉంది. నాలుగున్నర లక్షల ఎకరాలకు అందాల్సిన నీళ్ళివి. అవి వచ్చి ఉంటే ఆ చేలో ఆరువందల అడుగుల బోరు పడేదే కాదు. ఒక మనిషి గుణదోషాలు తూచేటప్పుడు ఈ లెక్క కూడా వేయాలి. మంచిగా బతకమని ఒంటరి రైతుకు చెప్పి, అతను ఎండిపోయిన నేల మీద నిలబడి ఉన్నాడన్న సంగతి మరిచిపోయే తత్త్వాన్ని నేను గౌరవించలేను. నాగార్జునుడు తన హితవును రైతుకు రాయలేదు, రాజుకు రాశాడు.

11 ఆగస్టు, ఆదివారం
తమ్ముడి ఊరు

బోరు పూడ్చారు. పొద్దున ఆరింటికి ట్రాక్టరు వచ్చింది. తమ్ముడు, చేను ఆసామి, ఇంకో ఇద్దరు. మొదట రాళ్ళు, తర్వాత మొరం, పైన బంకమట్టి వేసి నీళ్ళు పోసి కూరారు. ట్రాక్టరు డీజిలుకు మేనల్లుడు డబ్బు పంపాడు. మట్టి ఆసామి చెరువు మడి నుంచి తోలాడు. భోజనం వేళకు పని అయిపోయింది. "ఇంత సులువని తెలిస్తే పోయినేడే చేద్దును గదమ్మా" అన్నాడు ఆసామి. అతని చిన్న కూతురు ఆ మట్టి మీద నిలబడి ఎగురుతుంటే వారించబోయి ఊరుకున్నాడు.

సాయంత్రం ఊరి దారిలో నడుస్తూ చూస్తే ఇలాంటివే ఇంకా ఉన్నాయి. పంచాయతీకి రాసి ఇవ్వడానికి సర్వే నంబర్లు తమ్ముడు సేకరిస్తున్నాడు. ఈ వానలకు గట్లన్నీ పచ్చబడ్డాయి. కంత పక్కన మోకాలెత్తు గడ్డి మొలిస్తే పెద్దవాళ్ళకు కూడా కనపడదు. నా తర్వాత ఈ నోటుపుస్తకం ఎవరి చేతికి వచ్చినా సరే, మీ చేలో గానీ మీ వాళ్ళ చేలో గానీ కేసింగ్ పీకేసిన బోరు ఉంటే, గడ్డి కమ్ముకోకముందే ట్రక్కున్నర మట్టి తోలించి పూడ్చండి.